మొక్క కణాల్లో ఫాస్ఫరిలేషన్‌ను పట్టుకోవడం ఎలా? ముందు సున్నా నిమిషం లేన్ చూడండి

ఆకు మీద బ్యాక్టీరియా వాలిందన్న కబురు కణం లోపలికి చేరడానికి కొన్ని నిమిషాలు చాలు. ఆ కబురును మోసేది ఫాస్ఫేటు. కైనేజులనే ఎంజైములు ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటు తీసి మరో ప్రోటీన్‌లోని సెరీన్‌కో త్రియోనిన్‌కో టైరోసిన్‌కో తగిలిస్తాయి. ఇదే ఫాస్ఫరిలేషన్. ఫాస్ఫటేజులనే ఎంజైములు ఆ ఫాస్ఫేటును ఊడబీకుతాయి. ప్రయోగశాలల్లో నమూనాగా వాడే చిన్న మొక్క ఆరబిడాప్సిస్ జన్యువుల్లో సుమారు 1000 కైనేజులవే. అందులో 600కు పైగా రిసెప్టర్ల తరహావి. అంటే మొక్క ఈ భాషలో ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుంది. మన చేయి తగిలినా మాట్లాడుతుంది. కొత్తగా ఈ పని మొదలుపెట్టినవారిని ముప్పుతిప్పలు పెట్టేది ఆ చివరి సంగతే.

అందుకే నేర్చుకోవడానికి అన్నిటికంటే బాగా తెలిసిన దారిని ఎంచుకుందాం. బ్యాక్టీరియా కశాభంలోని ఫ్లాజెల్లిన్ ప్రోటీన్ నుంచి తీసిన 22 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఎఫ్‌ఎల్‌జీ22. దాన్ని కణం పొర మీది ఎఫ్‌ఎల్‌ఎస్2 రిసెప్టర్ గుర్తుపడుతుంది. వెంటనే బీఏకే1 అనే తోడు రిసెప్టర్ వచ్చి జతకడుతుంది. బీఐకే1 అనే కైనేజుకు ఫాస్ఫేటు తగులుతుంది. అక్కడి నుంచి ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించే మ్యాప్ కైనేజుల వరుస కదిలి చివర ఎంపీకే3, ఎంపీకే6, ఎంపీకే4 చురుకవుతాయి. 5 నుంచి 15 నిమిషాల్లో పతాకస్థాయికి చేరి, గంటకల్లా చాలావరకు సద్దుమణుగుతాయి. ఈ చివరి మెట్టును ఒక్క యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ మీద చూడవచ్చు. అంటే ప్రోటీన్లను జెల్‌లో పరిమాణాన్ని బట్టి విడదీసి, ఒక పొర మీదికి మార్చి, యాంటీబాడీతో వెతకడం. అందులో ఒక్కో నమూనా పరుగెత్తే నిలువు దారి ఒక లేన్, కనిపించే అడ్డపట్టీ ఒక బ్యాండు. విత్తనం నుంచి బ్లాట్ దాకా 17, 18 రోజుల పని.

ముందుగా సమకూర్చుకోవలసినవి

విత్తనాలు మూడు రకాలైనా ఉండాలి. మామూలు కొలంబియా-0, ఎఫ్‌ఎల్‌ఎస్2 లేని మ్యూటెంట్ (ఆ జన్యువు చెడిన మొక్క), ఎంపీకే6 లేని మ్యూటెంట్. ఎఫ్‌ఎల్‌ఎస్2 మ్యూటెంట్ చేతిలో లేకపోతే డబ్ల్యూఎస్-0 అనే సహజ రకం పనికొస్తుంది. దానిలో పనిచేసే ఎఫ్‌ఎల్‌ఎస్2 పుట్టుకతోనే లేదు. ఎంపీకే3, ఎంపీకే6 రెండూ లేని మొక్క కోసం వెతకకండి, అది పిండ దశలోనే చనిపోతుంది. మ్యూటెంట్ విత్తనాలు ఒహాయోలోని ఆరబిడాప్సిస్ విత్తన కేంద్రంలోనూ, బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంలోనూ దొరుకుతాయి. భారత్‌కు తెప్పించాలంటే జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ (ఎన్‌బీపీజీఆర్) దిగుమతి అనుమతి కావాలి. ప్రయోగం తేదీ అనుకున్నాక ఆ కాగితాలు మొదలుపెడితే ఆలస్యమే, ముందే పంపండి.

పెప్టైడ్ కొనేటప్పుడు అది సూడోమోనాస్ వరుసేనా అని చూసుకోండి. ఆగ్రోబ్యాక్టీరియం ఫ్లాజెల్లిన్‌లో అదే చోటున్న వరుస ఆరబిడాప్సిస్‌ను కదిలించదు. అణుభారం సుమారు 2272. కాబట్టి 1 మిల్లీగ్రాము పొడిని 440 మైక్రోలీటర్ల శుద్ధజలంలో కరిగిస్తే 1 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. 10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పోసి మైనస్ 20 డిగ్రీల్లో దాచండి. బాగా పలచన చేసిన పెప్టైడ్ ప్లాస్టిక్ గోడకు అంటుకుపోతుంది. అందుకని వాడే రోజు పలచన చేసేటప్పుడు 0.1% బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్), 100 మిల్లీమోలార్ ఉప్పు కలిపిన నీళ్లు వాడండి. పలచన చేసింది మర్నాటికి దాచకండి.

యాంటీబాడీ మనుషుల ప్రోటీన్ల కోసం చేసినదే. మనుషుల మ్యాప్ కైనేజులైన ఈఆర్‌కే1, ఈఆర్‌కే2 ప్రోటీన్లలో త్రియోనిన్-గ్లుటమేట్-టైరోసిన్ అనే మూడక్షరాల చోటుంది. ఇటు త్రియోనిన్‌కూ అటు టైరోసిన్‌కూ ఫాస్ఫేటు తగిలినప్పుడు ఆ యాంటీబాడీ పట్టుకుంటుంది. మొక్కల ఎంపీకే3, 4, 6, 11లలోనూ ఆ చోటు చెక్కుచెదరకుండా ఉంది. సెల్ సిగ్నలింగ్ టెక్నాలజీ వారి 4370 నంబరు కుందేలు మోనోక్లోనల్‌ను ఎక్కువమంది వాడతారు.

మొలకలు పెంచడం

విత్తనాలను 70% ఆల్కహాల్‌లో నిమిషం ఉంచండి. తరువాత ఒక చుక్క ట్వీన్ కలిపిన పలచని బ్లీచ్‌లో 8, 10 నిమిషాలు ఉంచి, స్టెరైల్ నీళ్లతో ఐదుసార్లు కడగండి. సగం బలం ఎంఎస్ మీడియం (మొక్కలకు కావలసిన లవణాల మిశ్రమం), 1% చక్కెర, 0.8% అగార్, పీహెచ్ 5.7 ఉన్న ప్లేట్ల మీద చల్లి, 4 డిగ్రీల చలిలో చీకట్లో రెండు రోజులు పెట్టండి. ఆ తరువాత 22 డిగ్రీల గదిలో, వెలుతురులో ఐదు రోజులు.

ఐదో రోజు మొలకలను అగార్ నుంచి లేపి 24 వెల్స్ ప్లేటులోని ద్రవ ఎంఎస్‌లోకి మార్చండి. ఒక్కో వెల్‌లో 1 మిల్లీలీటరు, ఆరేడు మొలకలు. చిమటాతో కాండాన్ని నొక్కి పట్టుకోకండి. చిమటా కొనను విత్తనాకుల కిందికి గరిటెలా పోనిచ్చి లేపాలి. వేరు తెగిన మొలకను పక్కన పెట్టేయండి. మరో వారం అలాగే పెరగనివ్వండి.

ప్రయోగానికి ముందురోజు సాయంత్రం పాత మీడియం తీసేసి కొలిచి 1 మిల్లీలీటరు తాజా మీడియం పోయండి. ఈ పని మర్నాడు ఉదయానికి వాయిదా వేయకూడదు. మీడియం మార్చిన కుదుపుకే ఎంపీకేలు లేస్తాయి. అవి సద్దుమణగడానికి రాత్రంతా ఇవ్వండి. ఏ వెల్‌లోనైనా నీరు కొంచెం మబ్బుగా కనిపిస్తే ఆ వెల్‌ను వదిలేయండి. పెరిగింది బ్యాక్టీరియా అయితే దానికీ ఫ్లాజెల్లిన్ ఉంటుంది. మీరు పెప్టైడ్ వేయకముందే అది వేసేసి ఉంటుంది.

పెప్టైడ్ వేయడం, గడ్డకట్టించడం

సమయాలు 0, 5, 10, 15, 30, 60 నిమిషాలు. వీటికి తోడు పెప్టైడ్ లేని ద్రావణం వేసి 10 నిమిషాలు ఉంచిన వెల్ ఒకటి తప్పనిసరి. గడియారాన్ని తిరగేసి నడపండి. ముందు 60 నిమిషాల వెల్‌కు పెప్టైడ్ వేయండి, అరగంట తరువాత 30 వెల్‌కు, ఆ తరువాత 15, 10, 5. ఇలా చేస్తే అన్నీ దాదాపు ఒకేసారి కోతకు వస్తాయి. పగటి సమయం వల్ల వచ్చే తేడా మధ్యలో దూరదు. ఒక్కో వెల్‌కు మధ్య అర నిమిషం ఎడం ఉండేలా ముందే కాగితం మీద రాసుకోండి.

పెప్టైడ్‌ను 1.1 మైక్రోమోలార్‌కు పలచన చేసి, వెల్‌లోని 1 మిల్లీలీటరుకు 100 మైక్రోలీటర్లు చేర్చండి. చివరికి 100 నానోమోలార్ అవుతుంది. 1 మైక్రోలీటరు గాఢ స్టాక్ వేసి ప్లేటును గిరగిరా తిప్పేవారున్నారు. దానివల్ల ఒక మూల మొలకకు ఎక్కువ, మరో మూల మొలకకు తక్కువ అందుతుంది, పైగా ఊపుడు ఒక దెబ్బ. కాస్త ఎక్కువ పరిమాణం అంచు వెంట మెల్లగా వదిలితే దానంతటదే కలుస్తుంది.

ప్రయోగమంతా ఆధారపడేది ఇప్పుడు చెప్పే పదిహేను సెకన్ల మీదే. 2 మిల్లీలీటర్ల ట్యూబులో 3 మిల్లీమీటర్ల స్టీలు గుళ్లు రెండు వేసి, మూత తెరిచి, లిక్విడ్ నైట్రోజన్‌లో ముందే చల్లబరిచి ఉంచండి. పక్కన మడత టిష్యూ కాగితం. సమయం కాగానే వెల్‌లోని మొలకలన్నీ ఒకే పట్టులో లేపి, టిష్యూ మీద రెండు సెకన్లు ఆనించి, ట్యూబులో పడేయండి. ఒక్కొక్క మొలకనూ ఏరుతూ కూర్చుంటే చివరి మొలక దగ్గరికి వచ్చేసరికి ‘0 నిమిషం’ అని రాసిన ట్యూబులోకి ఒక నిమిషం గాయపు సంకేతం కూడా చేరుతుంది. నీళ్లు ఎక్కువగా అంటిపెట్టుకుని ఉంటే బరువు తప్పుతుంది, పొడి సరిగా రాదు. అలాగని టిష్యూ మీద అద్ది నొక్కితే ఆకు నలుగుతుంది. ఆనించి ఎత్తడమే.

ట్యూబులో నైట్రోజన్ ద్రవం మిగిలి ఉండగా మూత బిగించకండి. ఆవిరై వ్యాకోచించి మూత తుపాకీ గుండులా లేస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, గాలాడే గదిలోనే ఈ పని చేయండి.

ట్యూబులను చల్లబరిచిన అడాప్టర్‌లో పెట్టి బీడ్ మిల్లులో 30 హెర్ట్జ్ వద్ద ఒక్కో నిమిషం చొప్పున రెండుసార్లు తిప్పండి, మధ్యలో మళ్లీ నైట్రోజన్‌లో ముంచండి. మిల్లు లేకపోతే కల్వం, రోకలి చాలు, రెండూ నైట్రోజన్‌తో చల్లబరచాలి. సరిగ్గా నలిగిన పొడి లేత ఆకుపచ్చ రంగులో, పిండిలా రాలుతూ ఉంటుంది. ముదురాకుపచ్చగా మారి గోడకు అతుక్కుంటే కరిగిపోయిందని అర్థం. అది ఎందుకూ పనికిరాదు. ఎందుకంటే కణం పగిలి కరిగిన క్షణం నుంచి ఫాస్ఫటేజులకు అడ్డు లేదు.

ప్రోటీన్ తీయడం: వేడిదా, చల్లనిదా?

కేవలం బ్లాట్ కోసమైతే వేడి ఎస్‌డీఎస్ బఫర్‌ను మించింది లేదు. కైనేజులు, ఫాస్ఫటేజులు అన్నీ ఒక్క దెబ్బతో విరిగిపోతాయి, ఖరీదైన నిరోధకాల అవసరం రాదు.

బఫర్: 100 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 6.8), 4% ఎస్‌డీఎస్, 20% గ్లిసరాల్, 200 మిల్లీమోలార్ డీటీటీ, కాస్త బ్రోమోఫినాల్ బ్లూ. దీన్ని 95 డిగ్రీల్లో కాచి సిద్ధంగా ఉంచండి. గడ్డకట్టిన పొడి 100 మిల్లీగ్రాములకు 200 మైక్రోలీటర్లు పోసి వెంటనే వోర్టెక్స్ చేసి, 95 డిగ్రీల్లో 5 నుంచి 8 నిమిషాలు ఉంచండి. తరువాత గది ఉష్ణోగ్రతలోనే 12,000 జీ వద్ద 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. ప్రోటీన్ అనగానే అలవాటుగా ఐసులో పెట్టే చేతులుంటాయి. ఇక్కడ పెడితే ఎస్‌డీఎస్ తెల్లగా గడ్డకట్టి అడుగుకు చేరుతుంది. జిగురుగా సాగుతుంటే అది డీఎన్ఏ, సన్న సూది గుండా నాలుగైదు సార్లు లాగితే తెగుతుంది.

ఈ బఫర్‌లో ప్రోటీన్ కొలవడం కష్టం. ఎస్‌డీఎస్ బ్రాడ్‌ఫర్డ్‌ను చెడగొడుతుంది, డీటీటీ బీసీఏను చెడగొడుతుంది. అందుకే పొడిని సరిగ్గా తూచి, బఫర్‌ను ఆ నిష్పత్తిలోనే పోయండి. లేన్‌లు సమానమో కాదో తరువాత బ్లాట్ పొర మీది ప్రోటీన్లన్నిటికీ పట్టే పాన్సో రంగు చెబుతుంది. 55 కిలోడాల్టన్ల వద్ద కనిపించే లావు పట్టీ రుబిస్కో పెద్ద ఉపభాగం. అన్ని లేన్‌లలో అది ఒకే మందంలో ఉండాలి.

చల్లని బఫర్ ఎప్పుడు? ప్రోటీన్‌ను యాంటీబాడీతో బయటికి లాగాలన్నా, కైనేజు చురుకుదనం కొలవాలన్నా అదే కావాలి. 50 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.5, 150 మిల్లీమోలార్ ఉప్పు, 10% గ్లిసరాల్, 1% ట్రైటన్ ఎక్స్-100, ప్రోటియేజు నిరోధకాల మిశ్రమం. వీటితోపాటు 25 మిల్లీమోలార్ బీటా-గ్లిసరోఫాస్ఫేటు, 10 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడు, 1 మిల్లీమోలార్ సోడియం ఆర్థోవెనడేటు. మొదటి రెండూ సెరీన్, త్రియోనిన్ ఫాస్ఫటేజులను ఆపుతాయి, మూడోది టైరోసిన్ ఫాస్ఫటేజులను. ఫ్లోరైడు ద్రావణం గాజును తినేస్తుంది, ప్లాస్టిక్ సీసాలోనే దాచండి.

ఆర్థోవెనడేటును పొడి నుంచి నేరుగా కలిపితే సగం పనే చేస్తుంది. దాన్ని ‘మేల్కొలపాలి’. 3.68 గ్రాములను సుమారు 90 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, ఆమ్లంతో పీహెచ్ 10కి తెండి. ద్రావణం పసుపుపచ్చగా మారుతుంది. అణువులు గుంపు కట్టాయని ఆ రంగుకు అర్థం. ఆ గుంపులు ఫాస్ఫటేజులను సరిగా ఆపలేవు. రంగు పోయి నీళ్లలా తేటపడేదాకా మరిగించండి. చల్లారాక పీహెచ్ చూస్తే జరిగి ఉంటుంది, మళ్లీ 10కి తెస్తే మళ్లీ పసుపు తిరగవచ్చు. మళ్లీ మరిగించండి. పీహెచ్ 10 దగ్గర నిలిచి, రంగు తిరిగి రాకుండా ఉన్నప్పుడు 100 మిల్లీలీటర్లకు నింపితే 200 మిల్లీమోలార్ స్టాక్ సిద్ధం. చిన్న ట్యూబుల్లో మైనస్ 20లో దాచండి. ఇంత కష్టపడి చేసినదాన్ని ఈడీటీఏ ఉన్న బఫర్‌లో వేస్తే అది దాన్ని కట్టిపడేస్తుంది, డీటీటీ అయితే క్షయకరణం చేస్తుంది. తయారైన ప్రోటోకాళ్లలో ఈ మూడూ పక్కపక్కనే రాసి ఉండటం చూస్తుంటాం. వెనడేటు మీదే ఆధారపడే ప్రయోగమైతే మిగతా రెండిటినీ తీసేయండి.

జెల్, బ్లాట్

10% జెల్ పోయండి. ఎంపీకే6 సుమారు 47, ఎంపీకే3 సుమారు 44 కిలోడాల్టన్ల వద్ద, ఎంపీకే4 ఆ కిందే ఆనుకుని కనిపిస్తాయి. రంగు గీత అడుగుకు చేరగానే కరెంటు ఆపేస్తే మూడూ కలిసి ఒకే లావు బ్యాండుగా వస్తాయి. రంగు గీతను బయటికి పోనిచ్చి, 25 కిలోడాల్టన్ల మార్కర్ అంచుకు వచ్చాక ఆపండి. లేన్‌కు 10 నుంచి 15 మైక్రోలీటర్లు చాలు. ఎక్కువ పోస్తే రుబిస్కో ఉబ్బి కిందనున్న ఎంపీకే6ను వంకర చేస్తుంది.

పీవీడీఎఫ్ పొరను మిథనాల్‌లో తడిపి, 100 వోల్టుల వద్ద చల్లగా 75 నిమిషాలు వెట్ ట్రాన్స్‌ఫర్ చేయండి. పాన్సో ఫొటో తీశాక, ట్వీన్ కలిపిన టీబీఎస్‌లో 5% బీఎస్ఏతో గంటసేపు బ్లాక్ చేయండి. పాలపొడి వద్దు. పాలలోని కేసీన్ ఒళ్లంతా ఫాస్ఫేటు ఉన్న ప్రోటీన్, ఫాస్ఫో యాంటీబాడీలకు అది మేత. పీబీఎస్ బదులు టీబీఎస్ ఎందుకన్నా జవాబు అలాంటిదే, పీబీఎస్‌లో ఉన్నది ఫాస్ఫేటే.

మొదటి యాంటీబాడీ 1:2000, 5% బీఎస్ఏలో, 4 డిగ్రీల్లో రాత్రంతా. మర్నాడు పది నిమిషాల చొప్పున నాలుగు కడుగుళ్లు. కుందేలు యాంటీబాడీని పట్టే, హెచ్ఆర్‌పీ ఎంజైము తగిలించిన రెండో యాంటీబాడీ 1:10,000, గంట. మళ్లీ నాలుగు కడుగుళ్లు, ఆ ఎంజైము తగిలితే వెలుగునిచ్చే ఈసీఎల్ ద్రావణం, ఫొటో. మొదటి యాంటీబాడీని మళ్లీ వాడుకోవడానికి సోడియం అజైడ్ వేసి దాచేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. అజైడ్ హెచ్ఆర్‌పీని చంపుతుంది, కాబట్టి మధ్యలో కడగడం బాగా జరగాలి.

అదే నమూనాలతో రెండో జెల్ నడిపి ఎంపీకే6 యాంటీబాడీతో మొత్తం ప్రోటీన్ చూడండి. ఫాస్ఫేటు ఉన్నదాన్ని మొత్తంతో భాగిస్తేనే అంకెకు అర్థం. పొరను స్ట్రిప్ చేసి మళ్లీ వాడవచ్చు కానీ ఎంత ప్రోటీన్ ఊడిపోయిందో తెలియదు, రెండు జెల్‌లే మేలు.

బ్లాట్ చదవడం

కళ్లు సహజంగా 10 నిమిషాల నల్లని బ్యాండుల మీదికి పోతాయి. ముందు సున్నా లేన్ చూడండి. అది ఖాళీగా, లేదా లీలగా ఉండాలి. పక్కనే పెప్టైడ్ లేని 10 నిమిషాల లేన్ కూడా అలాగే ఉండాలి. ఈ రెండూ శుభ్రంగా ఉంటేనే మిగతా లేన్‌లను నమ్మవచ్చు.

సున్నా లేన్ నల్లగా ఉంటే ఎక్కడ వెతకాలి? సున్నా నల్లగా ఉండి పెప్టైడ్ లేని లేన్ కూడా అంతే నల్లగా ఉంటే, కోసేటప్పుడు చేతులు నెమ్మదించాయి, లేదా ప్లేటు మొత్తానికే బ్యాక్టీరియా పట్టింది. ఎఫ్‌ఎల్‌ఎస్2 మ్యూటెంట్‌లోనూ నల్లగా ఉంటే గాయం అనుమానమే బలపడుతుంది. మ్యూటెంట్‌లో శుభ్రంగా ఉండి కొలంబియాలో మాత్రం నల్లగా ఉంటే మీడియంలోకి ఫ్లాజెల్లిన్ ఎక్కడి నుంచో వచ్చింది. సున్నా శుభ్రంగా ఉండి, పెప్టైడ్ లేని లేన్ మాత్రమే నల్లగా ఉంటే ద్రావణం పోసిన తీరే తప్పు. చల్లని ద్రావణం పోశారేమో, వేగంగా పోశారేమో చూడండి.

అన్ని లేన్‌లూ ఖాళీగా ఉంటే పెప్టైడ్‌ను అనుమానించే ముందు పాన్సో ఫొటో చూడండి, ట్రాన్స్‌ఫర్ జరిగిందా లేదా అని. జరిగి ఉంటే పాత, పలచన పెప్టైడ్ మొదటి ముద్దాయి. బ్యాండు అంచులు నల్లగా ఉండి మధ్య తెల్లగా ఖాళీ అయితే హెచ్ఆర్‌పీ యాంటీబాడీ మరీ ఎక్కువైంది, ఈసీఎల్ అక్కడ అప్పటికే కాలిపోయింది. రెండో యాంటీబాడీని సగానికి తగ్గించండి.

ఏ బ్యాండు ఏదో ఊహించకండి. ఎంపీకే6 మ్యూటెంట్‌లో పై బ్యాండు మాయమవ్వాలి, ఎంపీకే3 మ్యూటెంట్‌లో మధ్యది. కింది బ్యాండులో ఎంపీకే4తోపాటు ఎంపీకే11 కూడా ఉండవచ్చు, కాబట్టి దాన్ని ఒక్కరి పేరుతో రాయకూడదు. కొలతలు తీసుకునేటప్పుడు ఒక్క పిక్సెల్ కూడా నిండిపోకుండా తక్కువ ఎక్స్‌పోజర్ ఫొటో వాడండి. ఒకే రోజు కోసిన మూడు వెల్‌లు మూడు ప్రయోగాలు కావు. మూడుసార్లు విడివిడిగా విత్తి, పెంచి, కోయాలి.

వరితో పనిచేసేవారు, ఉదాహరణకు బాపట్ల బీపీటీ 5204తో, ఎఫ్‌ఎల్‌జీ22 కంటే కైటిన్ ముక్కలతో మొదలుపెట్టడం మేలు, వరి వాటికి గట్టిగా స్పందిస్తుంది. ఆకు ముక్కలు కోసి నీళ్ల మీద రాత్రంతా తేలనిచ్చి, గాయం చల్లారాకే వేయాలి. వరి ఎంపీకే3, ఎంపీకే6లనూ అదే యాంటీబాడీ పడుతుంది.

యాంటీబాడీ లేని ప్రోటీన్‌కైతే ఫాస్-ట్యాగ్

మీకు కావలసిన ప్రోటీన్ ఫాస్ఫేటు చోటును పట్టే యాంటీబాడీ సాధారణంగా దొరకదు. అప్పుడు హిరోషిమా విశ్వవిద్యాలయంలో పుట్టిన ఫాస్-ట్యాగ్ ఆదుకుంటుంది. 2006లో దీన్ని ఎస్‌డీఎస్ జెల్‌లో వాడి చూపించారు. జెల్‌లోనే పాతుకున్న ఆ అణువు మాంగనీస్ సాయంతో ఫాస్ఫేటును పట్టి ఆపుతూ వదులుతూ ఉంటుంది. ఫాస్ఫేటు ఉన్న ప్రోటీన్ వెనకబడుతుంది. యాంటీబాడీ గుర్తుపట్టే హెచ్ఏ ట్యాగ్ అనే చిన్న ముక్క తగిలించిన బీఐకే1ను ప్రోటోప్లాస్టుల్లో (గోడ తీసేసిన కణాల్లో) పెట్టి, ఎఫ్‌ఎల్‌జీ22 పది నిమిషాలు ఇచ్చి చూస్తే పైకి జరిగిన బ్యాండు స్పష్టంగా వస్తుంది. బీఐకే1ది మామూలు జెల్‌లోనూ కొంత కనిపిస్తుంది కాబట్టి నేర్చుకోవడానికి ఇది మంచి నమూనా.

కింది జెల్ 10 మిల్లీలీటర్లకు 5 మిల్లీమోలార్ ఫాస్-ట్యాగ్ 100 మైక్రోలీటర్లు, 10 మిల్లీమోలార్ మాంగనీస్ క్లోరైడు 100 మైక్రోలీటర్లు కలిపి, 8% జెల్ పోయండి. చివరికి 50, 100 మైక్రోమోలార్లు. ఫాస్-ట్యాగ్‌కు వెలుతురు పడదు, స్టాక్‌ను రేకులో చుట్టి ఉంచండి. జెల్‌కు 15 నుంచి 20 మిల్లీఆంపియర్లు, చల్లగా, నెమ్మదిగా.

ఇక్కడ ప్రధాన శత్రువు ఈడీటీఏ. నమూనాలో ఉన్నా మార్కర్‌లో ఉన్నా మాంగనీస్‌ను లాగేసుకుని లేన్‌లను వంకర చేస్తుంది. చాలా ప్రోటియేజు నిరోధక మాత్రల్లో ఈడీటీఏ ఉంటుంది, లేని రకం అడిగి కొనండి. ఖాళీ లేన్‌లలో కూడా అదే బఫర్ పోయండి, లేకపోతే పక్క లేన్‌లు వాలిపోతాయి. ట్రాన్స్‌ఫర్ ముందు మాత్రం ఇదే ఈడీటీఏ మిత్రుడు. 10 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో జెల్‌ను పది నిమిషాల చొప్పున రెండు, మూడుసార్లు ఊపి, తరువాత ఈడీటీఏ లేని బఫర్‌లో పది నిమిషాలు ఉంచండి. ఈ మెట్టు వదిలేస్తే ఫాస్ఫేటు ఉన్న బ్యాండే జెల్‌లో ఇరుక్కుని, ‘ఫాస్ఫరిలేషన్ లేదు’ అన్న తప్పు ఫలితం వస్తుంది. మార్కర్ అంకెలను ఈ జెల్‌లో అణుభారంగా చదవకూడదు.

పైకి జరిగిందల్లా ఫాస్ఫేటే అనుకోవడానికి లేదు. లాంబ్డా ఫాస్ఫటేజుతో తేల్చుకోండి. ఫాస్ఫటేజు నిరోధకాలు, ఈడీటీఏ లేకుండా చల్లని బఫర్‌లో తీసిన 40 మైక్రోలీటర్ల నమూనాకు 10 రెట్ల బఫర్ 5 మైక్రోలీటర్లు, 10 మిల్లీమోలార్ మాంగనీస్ క్లోరైడు 5 మైక్రోలీటర్లు, ఎంజైము 400 యూనిట్లు వేసి 30 డిగ్రీల్లో అరగంట ఉంచండి. జరిగిన బ్యాండు కిందికి దిగాలి. ఎంజైము వేయని ట్యూబునూ అదే అరగంట ఉంచాలి. అయితే అందులోనూ మొక్క సొంత ఫాస్ఫటేజులు పనిచేస్తూనే ఉంటాయి. అందుకని మూడో ట్యూబు కూడా పెట్టండి, ఎంజైముతోపాటు నిరోధకాలు కూడా వేసినది. రెండో ట్యూబులో కూడా బ్యాండు దిగి, మూడోదాంట్లో నిలిస్తే దోషి మొక్క ఫాస్ఫటేజే.

ఏ చోట తగిలిందో తెలుసుకోవడం

చోటు చెప్పేది మాస్ స్పెక్ట్రోమెట్రీ. ఒక్క ఫాస్ఫేటు పెప్టైడ్ బరువును 79.966 డాల్టన్లు పెంచుతుంది. ఇది సొంత బెంచీ మీద కాక, ఎక్కువగా ప్రోటియోమిక్స్ కేంద్రంతో కలిసి చేసే పని. కానీ నమూనా తయారీ మీ చేతుల్లోనే చెడుతుంది. మొక్కలో ఫినాళ్లు, పిండిపదార్థాలు, రంగులు ఎక్కువ. శుభ్రపరచకుండా, ప్రోటీన్‌ను పెప్టైడ్లుగా కోసే ట్రిప్సిన్ ఎంజైము వేస్తే అది సగం పనే చేస్తుంది. మిథనాల్-క్లోరోఫామ్‌తో ప్రోటీన్‌ను అవక్షేపించి కడిగి, అప్పుడు కోయండి. కోశాక కనీసం అర మిల్లీగ్రాము పెప్టైడ్లు ఉండాలి. ఫాస్ఫేటు ఉన్నవి వాటిలో గుప్పెడే, వాటిని టైటానియం డయాక్సైడు గుళ్లతోనో ఇనుము పట్టిన రెసిన్‌తోనో ఏరాలి. పట్టించే ద్రావణంలో 80% అసిటోనైట్రైల్, 5% ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం, గుళ్లయితే 1 మోలార్ గ్లైకాలిక్ ఆమ్లం కూడా. ఆమ్లం తక్కువైతే గ్లుటమేట్, ఆస్పార్టేట్ ఎక్కువున్న మామూలు పెప్టైడ్లు ఫాస్ఫేటు వేషంలో గుళ్లకు అంటుకుంటాయి.

ఫలితాల పట్టికలో ముందు చూడాల్సింది చోటు సంభావ్యత. పక్కపక్కనే మూడు సెరీన్లున్న పెప్టైడ్‌లో ఫాస్ఫేటు ఉందని తెలిసినా ఏ సెరీన్ మీదో తెలియకపోవచ్చు. 0.75 కంటే తక్కువైతే ఆ చోటు మీద తదుపరి ప్రయోగం కట్టకండి. ఆరబిడాప్సిస్‌లో 2008లో వచ్చిన పెద్ద పరిశీలనలో సెరీన్ 85%, త్రియోనిన్ 10.7%, టైరోసిన్ 4.3% వచ్చాయి. మీ పట్టికలో టైరోసిన్ పాతిక శాతం కనిపిస్తే వడపోత ప్రమాణాలు మళ్లీ చూడండి.

చోటు దొరికాక దానికి పని ఉందా అన్నది మ్యూటెంట్ తేలుస్తుంది. బీఐకే1 ఫాస్ఫేటు తగిలించే ఆర్‌బీఓహెచ్‌డీ ఎంజైములోని సెరీన్ 39, 343, 347లను ఇలాగే పరీక్షించారు. సెరీన్‌ను అలనీన్‌గా మారిస్తే ఫాస్ఫేటు తగిలే చోటే ఉండదు. ఆస్పార్టేట్‌గా మారిస్తే ఫాస్ఫేటు ఉన్నట్టు నటిస్తుందని ఆశ. కానీ ఆస్పార్టేట్‌కు ఉన్నది ఒకే రుణావేశం, ఫాస్ఫేటుకు దాదాపు రెండు, ఆకారమూ వేరు. అందుకే ఆస్పార్టేట్ పనిచేయకపోతే ‘ఆ చోటుకు ప్రాముఖ్యం లేదు’ అని రాయడానికి లేదు. అలనీన్ మ్యూటెంట్ స్పందించకపోయినా వెంటనే సంబరపడకండి. సహజ జన్యువు లేని మొక్కలో, సొంత ప్రమోటర్ కింద పెట్టి, మ్యూటెంట్ ప్రోటీన్ మామూలు ప్రోటీన్‌తో సమానంగా తయారవుతోందో లేదో ముందు ఒక బ్లాట్ మీద చూడండి. తయారవ్వని ప్రోటీన్ కూడా స్పందించదు.